తిరుపతి, చిత్తూరులో క్రాఫ్ట్ కాగితం కోసం రెండు రోజులు తిరిగాం

ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలకి నేనూ మా వదినా క్రాఫ్ట్ క్లాసు పెడతాం, ఫీజు ఏమీ తీసుకోం, ఒక పాతిక మంది దాకా వస్తారు. అంతమందికీ క్విల్లింగ్ స్ట్రిప్స్ (చుట్టి బొమ్మలు చేసే సన్నటి కాగితపు పట్టీలు), కలర్ చార్టులు షాపులో కొనాలంటే మా వల్ల కాదు, అందుకే ఈసారి షాపుల్లో, ప్రెస్సుల్లో మిగిలిపోయిన కాగితం తెచ్చుకుందామని మదనపల్లి నుంచి తిరుపతి పోయి అటునుంచి చిత్తూరు మీదుగా ఇంటికి వచ్చేట్టు ప్లాన్ చేసుకున్నాం. ఆంధ్రాలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక, అంటే 2025 ఆగస్టు 15 నుంచి, ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా ఆడవాళ్ళకి జీరో టికెట్టే కదా, కాబట్టి ఛార్జీల ఖర్చు లేదు.

ఉండడానికి ముందు తిరుపతిలో టీటీడీ వాళ్ళ వసతి గృహం శ్రీనివాసం అనుకున్నాం, బస్టాండుకి ఎదురుగానే, విష్ణు నివాసం అయితే రైల్వే స్టేషన్ ఎదురుగా. కానీ అవి దర్శనానికి వచ్చేవాళ్ళ కోసం కట్టినవి, కాగితాల కోసం వచ్చి ఒక కుటుంబానికి దొరికే రూము మేం తీసుకోవడం నాకు మనసొప్పలేదు. బస్టాండు దగ్గరే ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. రూము శుభ్రంగా ఉంది, నీళ్ళకి లోటు లేదు, కానీ ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు, పోయి చూస్తే పని చెయ్యట్లేదు. సాయంత్రం కాగితాల మూటలతో మూడో అంతస్తు ఎక్కేసరికి వదినకి మోకాళ్ళు పట్టేశాయి. ఫోన్‌లో చెప్పాల్సిన మాట అది. సామాను మోసేవాళ్ళు కింది రూమే కావాలని గట్టిగా అడగండి.

మొదట జిరాక్స్ షాపులకి పోయాం. బస్టాండు దగ్గర వాటిలో పాడైన కాపీలు బోలెడు, కానీ అన్నీ యాత్రికుల ఆధార్ కార్డులే! పిల్లల చేతికి అవి ఇవ్వకూడదు, తీసుకోవద్దు కూడా, షాపాయన కూడా చింపి పడెయ్యడమే మంచిది. అదే ఎస్వీ యూనివర్సిటీ వైపు షాపుల్లో అయితే ప్రాజెక్టు రిపోర్టుల కాపీలు, ఒకవైపు ఖాళీగా ఉన్న మంచి ఏ4 కాగితాలు. ఒకాయన "ఇంక రెండు రోజులాగి ఉంటే పాత పేపర్లాయనకి వేసేసేవాణ్ణి, తీసుకుపోండక్కా" అని నాలుగైదు కిలోలు ఊరికే ఇచ్చాడు. మడతల బొమ్మలకి, కాగితపు గొట్టాలకి అవి చాలు.

అసలు నిధి మాత్రం ప్రింటింగ్ ప్రెస్సులే. గాంధీ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో అడుగుతూ పోతే పెళ్ళి కార్డులు వేసే చిన్న ప్రెస్సు ఒకటి దొరికింది. పెద్ద షీటు 23 ఇంచీలు 36 ఇంచీలు ఉంటుంది, దాన్ని పనికి తగ్గట్టు కోసేటప్పుడు పక్కన మిగిలే పట్టీలే కటింగులు, ఇంచీ, ఇంచీన్నర వెడల్పు, మందపాటి అట్టవి కొన్ని, మెరుపువి కొన్ని, పసుపు కుంకుమ రంగులవి ఎక్కువ. "ఇవి ఊరికే ఇవ్వలేనమ్మా, తెల్ల కటింగుకి తూకంలో మంచి రేటు వస్తుంది" అన్నాడాయన, అది న్యాయమే, "అన్నా, మీరు చెప్పిన రేటుకే తీసుకుంటాం" అన్నాం. పిల్లల క్లాసు కోసమని తెలిశాక రంగువి ఒక సంచి ఊరికే పెట్టి, పల్చటి పట్టీల దొంతర మిషన్ కింద పెట్టి అర సెంటీమీటరు చొప్పున కోసిచ్చాడు. కత్తి ఒక్కసారి దిగితే వందల క్విల్లింగ్ స్ట్రిప్స్! వదిన అక్కడే ఒకటి వేలికి చుట్టి చూసింది, విరగలేదు, చక్కగా గుండ్రంగా నిలబడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పోండి, పొద్దున వాళ్ళకి తల ఎత్తే తీరిక ఉండదు.

అదే ఆయన పాత శాంపిల్ కార్డులు కూడా ఇచ్చాడు. వాటి మీద వినాయకుడు, వెంకటేశ్వర స్వామి బొమ్మలుంటాయి. మేం ముందు ఆ బొమ్మలు కత్తిరించి విడిగా ఒక కవర్లో దాచి, మిగతా అట్టనే వాడతాం, కాళ్ళ కింద పడడం నాకు ఇష్టం ఉండదు.

రెండో రోజు చిత్తూరు, దాదాపు 70 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. అక్కడ ప్రెస్సుల్లో పెద్దగా దొరకలేదు, కానీ పాత పేపర్ల కొట్టులో తిరుపతిలో అడిగిన రేటు కన్నా కిలోకి మూడు రూపాయలు తక్కువ, పైగా తడి లేని పేపర్లు, మేమే ఏరుకున్నా ఏమీ అనలేదు. మామిడికాయల సీజన్ ముదిరితే రేటు పెరుగుతుందంట, క్రేట్లలో పరవడానికి అందరూ కొంటారని ఆయనే చెప్పాడు. అట్టపెట్టెలు కావాలంటే బజారులో బట్టల షాపులు మూసే టైముకి పోండి, మాకు ఆరు ఊరికే ఇచ్చారు. అన్నీ మోసుకు రాలేక సగం ఆర్టీసీ కార్గోలో వేశాం, మర్నాటికి మూట చెదరకుండా వచ్చింది.

న్యూస్ పేపర్ అంత ఎందుకంటే చాటల కోసం. మా అవ్వ చేసేది, పేపర్లు చిన్న ముక్కలుగా చించి రెండు మూడు రోజులు నానబెట్టి, విడిగా నానిన మెంతులు కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ గుజ్జుని వెదురు చాటకి రెండు వైపులా పూసేది. మెంతుల జిగురు పట్టేస్తుంది, పురుగు కూడా రాదు, చాట సందుల్లోంచి రవ్వ కారదు. మెరిసే మ్యాగజైన్ కాగితం దీనికి వద్దు, దాని మీద సుద్ద పూత ఉంటుంది, ఎంత నానినా గుజ్జు సరిగ్గా రాదు. మైదా జిగురు కాచుకునేవాళ్ళు పురుగు రాకుండా మైలుతుత్తం వేస్తారు, అది విషం, పిల్లలు పని చేసేచోట అస్సలు వెయ్యొద్దు, ఏ రోజుకారోజు కొంచెం కొంచెం కాచుకోండి.

మళ్ళీ పోతే మాత్రం ప్రెస్సు కోసం తిరుపతి, పేపర్ కోసం చిత్తూరు, రాత్రి ఎక్కడా ఆగకుండా ఒక్క రోజులో తిరిగొచ్చేస్తాం. ఇప్పుడు మిద్దె మీద నాలుగు చాటలు ఆరుతున్నాయి, రేపు తిప్పి రెండో వైపు పూయాలి.