శ్రీమతి మెక్లౌడా, మిస్ మెక్లౌడా: ఒక బాణీ వెంట పన్నెండు రోజులు

డబ్లిన్‌లో మా అబ్బాయి ఇంట్లో దిగిన మూడో రోజున మనవరాలు తన టిన్ విజిల్ తీసి ఒక ముక్క వాయించింది. ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి అది, అక్కడి బళ్లలో చిన్న పిల్లలకు నేర్పుతారు. "మిస్ మెక్లౌడ్స్ రీల్ నానమ్మా, ఐరిష్ డాన్స్ ట్యూన్" అంది. విజయనగరంలో చిన్నప్పుడు ఆరేళ్లు వయొలిన్ గీసినదాన్ని, చెవి అటే పోయింది. పట్టుకున్న స్వరాన్ని వదల్లేక మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చి ఊగే బాణీ. కోడలు ఫోన్లో చూసి, "ఇది అసలు స్కాట్లండ్‌దటండీ అత్తయ్యా" అనేసరికి పిల్ల మొహం చిన్నబోయింది. జులై సెలవులు. అబ్బాయి టికెట్లు తీశాడు, నేనూ మనవరాలూ బయల్దేరాం.

ముందు వీసా సంగతి. ఇండియా నుంచి పొట్టి ప్రయాణానికి వచ్చేవాళ్ల ఐరిష్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. అని ఉంటే బ్రిటన్‌కు వేరే వీసా అక్కర్లేదు. అయితే వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. నాది అదే, కాబట్టి స్కాట్లండ్ దాకా దారి సుగమం.

మొదటి మజిలీ ఇంటికి దగ్గరే. డబ్లిన్ మెరియన్ స్క్వేర్‌లో 73వ నంబరు ఇల్లు, ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారం. 1987లో పెట్టారు. ప్రవేశం ఉచితం. పట్టు చీర కట్టుకుని వచ్చిన పెద్దావిడకు రీల్ గురించి ఎందుకని ఎవరూ అడగలేదు. కూర్చోబెట్టి పుస్తకాలు తెచ్చిపెట్టారు. ఈ ప్రయాణం మొత్తంలో సేవ అంటే ఇదీ అనిపించింది ఇక్కడే.

అక్కడ ముందు చూసింది ఓనీల్ పుస్తకాలు. ఫ్రాన్సిస్ ఓనీల్ కార్క్ జిల్లాలో 1848లో పుట్టి, షికాగో వెళ్లి, 1901 నుంచి 1905 వరకు ఆ నగర పోలీసు అధిపతిగా చేశాడు. తోటి ఐరిష్ వలసదారుల నోటి నుంచీ చేతుల నుంచీ బాణీలు రాయించుకుని 1903లో 1,850 అచ్చు వేశాడు. 1907లో నృత్యాలకు పనికొచ్చేవి 1,001 విడిగా తెచ్చాడు. ఈ రోజుకీ వాయించేవాళ్లు దాన్ని 'ద బుక్' అంటారు. మన పిల్ల బాణీ ఉంది అందులో. మనవరాలికి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత తెర మీద మరో పుస్తకం తెరిచి చూపించారు. స్కాట్లండ్ ఫిడేలు విద్వాంసుడు నీల్ గో 1807లో పోయాడు. కొడుకు నథానియల్ 1809లో బాణీల అయిదో సంపుటి తెచ్చాడు. అందులో ఈ రీల్ పేరు 'మిసెస్ మెక్లౌడ్ ఆఫ్ రాసే'. రాసే అంటే స్కాట్లండ్ పడమటి తీరాన స్కై ద్వీపం పక్కనున్న దీవి. ఇది స్కై ద్వీపపు అసలు రీల్ అనీ, మెక్లౌడ్ గారు అందించారనీ పక్కన ఒక చిన్న ముక్క. అంటే ఆవిడ ఇల్లాలు. సముద్రం దాటి ఐర్లండ్ వచ్చేసరికి మిస్ అయిపోయింది! అచ్చులో పడింది 1809లో. అంతకుముందు ఎందరి చేతుల్లో తిరిగిందో కాగితం చెప్పదు కదా. అసలు రీల్ అనే రూపమే స్కాట్లండ్ నుంచి 18వ శతాబ్దం చివర్లో ఐర్లండ్‌కు వచ్చి స్థిరపడిందంటారు. ఎనిమిది ఆవర్తాల భాగాలు రెండు, ఒక్కోటి రెండేసి సార్లు. మొత్తం 32. డాన్సు వాళ్ల అడుగులకు కొలిచినట్టు.

ఆ సాయంత్రం స్మిత్‌ఫీల్డ్‌లోని కోబుల్‌స్టోన్ పబ్‌కి వెళ్లాం. వీధి వైపు మూలలో వాద్యకారులు గుండ్రంగా కూర్చుంటారు, మనం చుట్టూ నిలబడాలి. 2021లో దాని మీదా వెనకా హోటల్ కడతామంటే జనం వాద్యాలతో ఊరేగింపు తీశారు, నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది. పిల్లలతో వెళ్లేవాళ్లు సాయంత్రం పెందరాళే వెళ్లండి. వాయింపు ఆగినప్పుడు ఫిడేలు ఆయన్ని "మిస్ మెక్లౌడ్స్ వాయిస్తారా?" అని అడిగాను. మర్యాదగా నవ్వాడు. "అది పిల్లలకు మొదట నేర్పేది కదండీ" అన్నాడు. అప్పుడర్థమైంది. కచేరీలో ముందు వరసలో కూర్చుని విద్వాంసుణ్ణి 'వరవీణ మృదుపాణి' అడిగానన్నమాట!

తర్వాత క్లేర్ జిల్లా. డూలిన్ గురించి రెండు ముక్కలు చాలు. సంగీతానికి పేరు మోసిన పల్లె, విజిల్ విద్వాంసుడు మికో రసెల్ ఊరు. మోహర్ కొండచరియలు దగ్గర కాబట్టి వేసవిలో బస్సులు వచ్చి జనాన్ని దింపుతూనే ఉంటాయి. పాట కన్నా ఫోన్లు పైకి లేచినవే ఎక్కువ చూశాం. మేం దిగిన బసలో హీటర్ పనిచేయలేదు, అడిగితే "జులైలో హీటరా" అన్నారు. బయట వాన, 13 డిగ్రీలు. చరియలు చూడండి, 214 మీటర్ల ఎత్తు నిజంగానే కాళ్లు వణికిస్తుంది. రాత్రి బస మాత్రం వేరే ఊళ్లో పెట్టుకోండి.

అదే జిల్లాలోని మిల్‌టౌన్ మాల్‌బే అలా కాదు. తిత్తి గాలితో మోగే ఐరిష్ పైపులు వాయించే విల్లీ క్లాన్సీ 1973 జనవరిలో పోతే, ఆ ఏడాదే ఆయన పేరు మీద వేసవి పాఠశాల మొదలుపెట్టారు. ఏటా జులై మొదటి శనివారం మొదలై తొమ్మిది రోజులు. పొద్దున్న తరగతులు, మధ్యాహ్నం ఉపన్యాసాలు, రాత్రి ఎక్కడ చూసినా వాయింపు. వంటింట్లో, చెప్పుల కొట్టు అరుగు మీద, పార్కు చేసిన కారులో కూడా! ఊళ్లో గది దొరకడం కల్ల, ఏడాది ముందే అయిపోతాయి. మేం 30 కిలోమీటర్ల దూరంలో ఎన్నిస్‌లో ఉండి వెళ్లొచ్చాం. అసలు వాయింపు రాత్రి తొమ్మిదిన్నర దాటాకే ఊపందుకుంటుంది, ఆ వేళకు తిరుగు బస్సు దొరక్క టాక్సీకి బాగానే వదిలింది. కారు ఉన్నవాళ్లకే ఈ ఏర్పాటు లాభం. భోజనానికి శాకాహారులకు కూరగాయల సూపు, సోడా బ్రెడ్డు. మూడు రోజులయ్యాక నా పులిహోర పొడి బయటికి తీశాను, ఎన్నిస్ బసావిడ అన్నం వండుకోనిచ్చింది. ఆవిడ చల్లగా ఉండాలి.

ఇక్కడే దొరికింది మా బాణీ. కాలిబాట మీద పదేళ్ల లోపు పిల్లలు నలుగురు, ముందు టోపీ పెట్టుకుని వాయించేస్తున్నారు. మనవరాలు అడక్కుండానే కలిసిపోయింది. పక్కనే బాంజో సంచి భుజాన వేసుకున్న ఒక అమెరికన్ ఆగి, "మా దగ్గర దీన్ని హాప్ హై లేడీస్ అంటాం" అన్నాడు. "డిడ్ యు ఎవర్ సీ ద డెవిల్, అంకుల్ జో?" అనే మాటలతో కూడా పాడతారట. మిసెస్, మిస్, ఇప్పుడు దయ్యం!

రాత్రి సెట్ డాన్సు చూశాం. ఎనిమిది మంది చతురస్రంగా నిలబడి చెక్క నేల మీద మడమలతో దరువు వేస్తారు. క్లేర్ వాళ్లు ప్రాణంగా చూసుకునే సెట్టు పేరు కాలిడోనియన్. కాలిడోనియా అంటే స్కాట్లండ్ పాత పేరు. పేరులోనే స్కాట్లండ్ కూర్చుంది, ఎవరికీ పట్టింపు లేదు. ఒకే రీల్‌ని మూడుసార్లు తిప్పుతారు. ఫిడేలు ఆవిడ తిప్పినప్పుడల్లా ఒక స్వరాన్ని వేళ్లతో ఒక్కోలా చుట్టేది. దాన్ని 'రోల్' అంటారు. మన గమకంలా స్వరాన్ని ఊపడం కాదు, పక్క స్వరాలను తటాలున తాకి రావడం. ఎవరు అందంగా వాయించారో అందులోనే తెలుస్తుంది.

ఇక రాసే. డబ్లిన్ నుంచి గ్లాస్గోకు విమానం, అక్కడి నుంచి స్కై వైపు బస్సులో ఆరు గంటల పైన. గ్లెంకో లోయ దాటేదాకా కిటికీ వదల్లేదు. స్కాన్సర్‌లో దిగితే రాసేకి ఫెర్రీ 25 నిమిషాలు. చిన్న ద్వీపం. కొట్టు ఉన్నదే ఒక్కటి, సరుకులు ముందే తెచ్చుకోవాలి. మిడ్జెస్ అనే నలుసంత దోమలున్నాయి. విజయనగరం దోమల మధ్య పెరిగిన నేనే చేతులెత్తేశాను, మొహానికి వల కొనుక్కోండి.

మెక్లౌడ్‌ల భవనం రాసే హౌస్ ఇప్పుడు హోటలు. 2009లో మరమ్మతుల మధ్యలో తగలబడి, 2013లో మళ్లీ తెరిచారు. గదులు శుభ్రం, కిటికీలోంచి స్కై కొండలు. ఖర్చు ఎక్కువే, అయినా ఒక్క రాత్రికి తగినదే. 1773లో ఇంగ్లిష్ నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్, ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్ ఇక్కడ అతిథులు. రాత్రి తివాచీ చుట్టేసి, వాద్యకారుణ్ణి పిలిచి అందరూ నాట్యమాడేవారని జాన్సన్ రాశాడు. బాస్వెల్ అయితే 443 మీటర్ల డన్ కాన్ కొండెక్కి, బల్లపరుపు శిఖరం మీద రీల్ ఆడాడు. అప్పటి దొరగారికి పదిమంది కూతుళ్లు. మిస్ మెక్లౌడ్ అంటే ఏ మిస్ అనుకోవాలి?

నన్ను ఆపేసిన విషయం మరొకటి. ఆయన తర్వాతి దొర జేమ్స్ మేనకోడలు, ఈ ఇంట్లోనే పెరిగిన ఎలిజబెత్ రాస్, 1812లో ఇక్కడ విన్న బాణీలను రాసిపెట్టింది. ఆ రాతప్రతి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉంది. తర్వాత ఆవిడ ఇండియా వచ్చి, కంపెనీ ఉద్యోగీ చిత్రకారుడూ అయిన చార్ల్స్ డాయిలీని పెళ్లాడి, పట్నాలో ఏళ్ల తరబడి ఉంది. రాసేలో విన్న స్వరాలు గంగ ఒడ్డున ఎవరికి వినిపించిందో!

మర్నాడు ఫెర్రీకి ముందు పచ్చిక మీద మనవరాలు విజిల్ తీసింది. కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఆగి విన్నాడు. "బాగుంది. కానీ నువ్వు వాయించింది 'జి' శ్రుతిలో, ఉండాల్సింది 'ఏ' శ్రుతిలో" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. జి, ఏ, డి అన్నవి పాశ్చాత్య స్వరాల పేర్లు. డి శ్రుతిలో కట్టిన విజిల్ మీద జి నల్లేరు మీద బండి. 'ఏ' లో వాయించాలంటే జి షార్ప్ కావాలి, దానికి రంధ్రం సగం మూయాలి. ఐర్లండ్ విజిల్, ఫ్లూటు, పైపులు డి మీద కట్టినవి. స్కాట్లండ్ హైలాండ్ పైపులకు ఆధారం 'ఏ' స్వరం. ఎవరి వాద్యానికి తగినట్టు వాళ్లు బాణీని జరుపుకున్నారు, అంతే. ఆయన నోటితో కొంచెం పాడి చూపించాడు. స్వరాలు అవే, కాలు ఇంకాస్త గట్టిగా నేలకు తన్నినట్టుంది.

"నాకు 'ఏ' లో రాదు" అంది పిల్ల.

"సరే. కనీసం మిసెస్ అను" అన్నాడాయన.

ఫెర్రీకి ఇంకా పది నిమిషాలుంది. పిల్ల జి లోనే మళ్లీ మొదలుపెట్టింది. ఆయన కుక్కను కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు.