డమాస్కస్ కత్తి: విశాఖ గాలిలో కొన్నేళ్లు వాడాక

డమాస్కస్ కత్తి కొందామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది దాని మీది గీతల గురించే. కత్తి ఒళ్లంతా అలలు అలలుగా ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ నాలుగైదేళ్లుగా రోజూ వాడుతున్నవాడిగా చెప్తున్నా, కూర తరిగేది ఆ గీతలు కాదు. వాటి కింద అంచు పొడవునా సన్నగా బయటపడే సాదా ఉక్కు. డబ్బేదో దానికి పెట్టండి.

నాది 8 అంగుళాల షెఫ్ నైఫ్. మధ్యలో వీజీ-10 ఉక్కు, దానికి అటు 33, ఇటు 33 మెత్తటి స్టెయిన్‌లెస్ పొరలు, వెరసి 67. పెట్టె మీద ఈ అంకెనే పెద్దగా అచ్చేస్తారు. పొరలు పెరిగితే పదును పెరుగుతుందనుకుంటారు చాలామంది. రెండింటికీ సంబంధం లేదు. వీజీ-10 జపాన్‌లోని ఫుకుయి ప్రాంతంలో తకెఫు స్పెషల్ స్టీల్ వాళ్ల ఉక్కు. అందులో సుమారు 1 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కాస్త కోబాల్ట్ ఉంటాయి. చైనాలోని యాంగ్‌జియాంగ్ నుంచి వచ్చే చవక కత్తుల్లో చాలావాటికి దాదాపు ఇదే పాళ్లలో ఆ దేశంలోనే చేసిన ఉక్కు వాడతారు. అదీ పనికిరానిదేం కాదు.

ఇంతకీ ఆ అలలు ఎలా వస్తాయంటే, నికెల్ పాళ్లు వేరువేరుగా ఉన్న రెండు రకాల ఉక్కు పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాల్చి, సమ్మెట దెబ్బలతోనో రోలర్ల మధ్య నొక్కో అతికిస్తారు. కరగవు. ఆ వేడికీ ఒత్తిడికీ గట్టిగా ఉండగానే అతుక్కుపోతాయి. పలకని అలా చదునుగానే వదిలేస్తే పై పొర తప్ప ఏమీ కనబడదు. అందుకే ముందు గుంటలు పడేలా కొట్టో, గాట్లు పెట్టో, మళ్లీ చదును చేస్తారు. లోపలి పొరలు వంకరపోతాయి. తర్వాత అంచు వైపు పల్చగా అరగదీస్తుంటే ఆ వంకర పొరలు ఏటవాలుగా తెగి, ఒక్కొక్కటి ఒక్కో చోట పైకి తేలుతుంది. ఆఖరున ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, సర్క్యూట్ బోర్డు మీద రాగిని తినేసేదీ ఇదే. నికెల్ ఎక్కువున్న పొర దానికి లొంగక మెరుస్తుంది, రెండోది నల్లబడుతుంది.

ఇదంతా అందం పని. కత్తి మంచిచెడ్డలు తేలేది కాల్చి చల్లార్చేటప్పుడు. గట్టిపడటానికి బాగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి, ఆ పెళుసుదనం తగ్గడానికి మళ్లీ తక్కువ వేడిలో ఉంచుతారు. సరిగ్గా చేస్తే వీజీ-10, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 60 దగ్గరికి వస్తుంది. జర్మన్ తరహా కత్తులు 56 దగ్గర ఆగుతాయి. వంటింట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొత్తిమీర నలిగి నల్లబడదు, పండిన టమాటా రసం కార్చకుండా పల్చటి బిళ్లలుగా వస్తుంది. ఉల్లిపాయల దగ్గర కళ్లమంట కూడా తగ్గింది.

అలాగని అన్నిటికీ పనికొస్తుందని కాదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసే ఆడవాళ్ల కత్తిపీట ముందు ఇది దిగదుడుపే. వంజరం అక్కడే ముక్కలు చేయించుకుని వస్తాను. ఓసారి ఇంటికొచ్చిన మా పెద్దమ్మ ఈ కత్తితో పండుగప్ప తల నరికింది. అంచు గోరంత ఎగిరిపోయింది. "ఇన్ని వేలు పోసి కొన్నావు, చేప తల కొట్టలేని కత్తేట్రా ఇది?" అంది. ఆవిడన్నదీ నిజమే. గట్టి ఉక్కు వంగదు, విరుగుతుంది. ఎముకలు, ఆవకాయ టెంక, కొబ్బరికాయ, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం దీని జోలికి రాకూడదు. ఆ నొక్కు పోవడానికి 1000 గ్రిట్ (రాయి గరుకు చెప్పే అంకె, పెరిగేకొద్దీ నునుపు) సానరాయి మీద ఓ సాయంత్రమంతా రుద్దాల్సి వచ్చింది.

ఇక మన ఊరి ఉప్పు గాలి. మాది పెదవాల్తేరు. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగేయించినా పొక్కులు లేస్తాయి. స్టెయిన్‌లెస్ అన్నారు కదా అని తడి కత్తిని రాత్రంతా స్టాండులో వదిలేస్తే మర్నాటికి అంచు మీద గోధుమ చుక్కలు. ఉప్పులోని క్లోరైడ్ ముందు 15 శాతం క్రోమియం కూడా పూర్తిగా నిలవదు. వంటసోడా ముద్దతో రుద్దితే పోతాయి, కానీ కడగ్గానే తుడిచేస్తే అసలు రావు. తోలు ఒరలో మాత్రం పెట్టకండి, చెమ్మ పట్టి ఉంచుతుంది. స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులు చూడ్డానికి ఇంకా బాగుంటాయి గానీ, సముద్రం పక్కన, చింతపండు వాడే ఇంట్లో, వాటితో టెన్షనే.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో తోమీ తోమీ, కత్తి ఒక పక్క అలలు దాదాపు వెలిసిపోయాయి. తెగడంలో మాత్రం ఇసుమంత తేడా లేదు. గీతల గురించి మొదట్లో ఆ మాట అన్నది అందుకే. వెలిసినవి మళ్లీ ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే తిరిగొస్తాయి. లేజర్‌తో చెక్కిన నకిలీ గీతలైతే ఒకసారి అరిగాయంటే అంతే. కొనేటప్పుడు రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకే డిజైన్ ఉంటే అనుమానించండి. గీతలు ఆగి సాదా అంచు మొదలయ్యే చోట ఎగుడుదిగుడు గీత ఉండాలి.

అమ్మేవాళ్లు చెప్పే 'ప్రాచీన డమాస్కస్ రహస్యం' మాటకొస్తే, ఆ పాత కత్తుల పద్ధతే వేరు. మూసలో కరిగించిన ఉక్కు మెల్లగా చల్లారి, దాన్ని సాగగొట్టేటప్పుడు లోపలి కార్బైడ్లు (కార్బన్ కలిసిన గట్టి రేణువులు) వరుసలు కట్టి గీతలయ్యేవి. అతుకు పొరలు కావవి. ఆ ఉక్కు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలోనూ తయారైంది, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవారు. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో జపాన్ కత్తేమిటని ఆఫీసులో నన్ను ఆటపట్టిస్తుంటారు. ఇక్కడ తయారయ్యేది కడ్డీలు, వైర్ రాడ్లు అని చెప్పినా వినరు.

పదును పెట్టడం మీరే నేర్చుకోండి. ఒక్కో వైపు 15 డిగ్రీల వాలు, 1000 గ్రిట్, తర్వాత 3000. వీధిలోకొచ్చే సాన చక్రానికి మాత్రం ఇవ్వకండి. నిప్పురవ్వలు ఎగిరేంత వేడికి అంచు గట్టిదనం పోతుంది. ఈమధ్య మా చెల్లెలు కత్తి కావాలంటే గీతల్లేని వీజీ-10 తెప్పించాను. మిగిలిన డబ్బుతో సానరాయి కూడా వచ్చింది.