‘ఫ్రీ వాటర్ టెస్ట్’ అంటూ రాడ్ల డబ్బాతో వస్తున్నారు, తలుపు తీసే ముందు ఇది చదవండి

కోపం చల్లారాక రాద్దామనుకున్నా. చల్లారేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ బ్యాచ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మెడలో ట్యాగు, చేతిలో ఫైలు, "వాటర్ ఆఫీసు తరఫున వచ్చాం మేడం, మీ లైన్లో కంప్లైంట్లు ఉన్నాయి" అని మొదలుపెడతారు. తీరా చూస్తే ఫిల్టర్లు అమ్మే కంపెనీ మనుషులు. ట్యాగు మీద ఏం రాసుందో నేను చూడలేదు. మా అత్తయ్య చూశారట, "ఏదో ఇంగ్లీషులో ఉందిలే" అన్నారు. సరిపోయింది ఇద్దరికీ.

మా ఇంటికొచ్చినవాడు ముందు పెన్నులాంటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు తీశాడు. కుళాయి నీళ్లలో పెడితే 240. మా ఫిల్టర్ నీళ్లలో పెడితే అదీ 240. "చూశారా, మీ మిషన్ చచ్చిపోయింది, ఊరికే లైటు వెలుగుతోందంతే" అన్నాడు. మాది యూవీ ఫిల్టరండీ! అది క్రిముల్ని చంపుతుంది, కరిగిన లవణాల జోలికి పోదు. కొత్తగా బిగించిన రోజు కొలిచినా రెండు చోట్లా ఒకే అంకె వస్తుంది. అసలు ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందనే. దాన్నిబట్టి లవణాలు ఇంత ఉండొచ్చని లెక్కగట్టి ఒక అంకె చూపిస్తుంది. నీళ్లలో బాక్టీరియా ఉందో, సీసం ఉందో దానికేం తెలుసు? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీడీఎస్‌కి ఆరోగ్యం లెక్కన పరిమితి పెట్టలేదు. లీటరుకి 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి బాగుంటుందని, 1000 దాటితే తాగబుద్ధి కాదని మాత్రం చెబుతుంది. మాది 240. ఇంత జ్ఞానం ఇప్పుడు పొంగుతోంది నాకు. అప్పుడు మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డా.

తర్వాత ఒక సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు, కుళాయి నీళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. "కెమికల్ మేడం" అన్నాడు ముఖం అదోలా పెట్టి. అది క్లోరిన్! నీళ్లు మన కుళాయి దాకా వచ్చేసరికి కూడా క్లోరిన్ కొంచెం మిగిలి ఉండాలి, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా. దారిలో పైపుల్లో క్రిములు చేరకుండా కాపాడేది అదే. అంటే ఆ పసుపు రంగు వచ్చినందుకు సంతోషించాలి.

ఇక అసలు నాటకం. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చుకున్న బాటిల్ నీళ్లు. లోహపు రాడ్లు దిగేసి ఉన్న డబ్బా ఒకటి వాటి మీద పెట్టి ప్లగ్గు పెట్టాడు. మా గ్లాసులో నీళ్లు పచ్చబడి, గోధుమ రంగుకి తిరిగి, పైన తెట్టు కట్టాయి. ఆయన గ్లాసు మాత్రం అద్దంలా అలాగే ఉంది. అంతటితో ఆగాడా? మా పాప చేతిలో స్కూలు బాటిల్ ఉంటే, వంగి దాని చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టి, "తాగకు తల్లీ" అన్నాడు. నావైపు తిరిగి మెల్లగా, "రోజూ ఇవేనా మేడం పట్టిస్తున్నారు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి సంతకం పెట్టేశా. నా మిషన్ బాగోలేదంటే వాదించేదాన్నేమో, నా పెంపకమే బాగోలేదన్నట్టు అడిగాడు కదా. డిగ్రీలో ఎలక్ట్రోలిసిస్ మీద, అంటే నీళ్లలోంచి కరెంటు పారిస్తే ఏమవుతుందనే దాని మీద వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్న మహాతల్లిని మరి!

అడ్వాన్సు కట్టాను, మిగతాది వాయిదాలు. చక్కగా పనిచేస్తున్న పాత యూవీ మిషన్‌ని ‘ఎక్స్ఛేంజ్’ అని పట్టుకుపోయారు. కొత్త ఆర్వో, అంటే లవణాల్ని కూడా వడగట్టేసే ఫిల్టర్, బిగించారు.

మా మరిది వచ్చి ఈ కథంతా విని, ఏమీ అనకుండా రెండు ఇనప మేకులు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ తెచ్చాడు. కొత్త మిషన్ నీళ్లలో పెడితే ఏమీ కాలేదు. అవే నీళ్లలో చిటికెడు ఉప్పు వేశాడు. కాసేపటికి గ్లాసంతా బురద. ఆ బురద నీళ్లలోది కాదు వదినా, మేకుది అన్నాడు. లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. లవణాలు చాలావరకు తీసేసిన ఆర్వో నీళ్లలో కరెంటే సరిగా పారదు, ఇంకేం తేలుతుంది? ఖరీదైన మినరల్ వాటర్ పోసినా ఆ డబ్బాలో రంగు మారుతుందట.

వెంటనే ఆ ఫిల్టర్ అమ్మినవాడికి ఫోన్ చేశా. ఉప్పు సంగతి చెప్పగానే అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత ఏమన్నాడో తెలుసా? "మంచినీళ్లలో మీరు ఉప్పు కలుపుకుంటే మేమేం చేస్తాం మేడం?" పక్కనెవరో నవ్వడం కూడా వినిపించింది. పాత మిషన్ అడిగితే "అది స్క్రాప్‌కి వెళ్లిపోయింది" అన్నాడు. నేను టెస్ట్ రిపోర్ట్ అనుకుని సంతకం చేసిన కాగితమే ఆర్డర్ ఫారమట, దాని వెనక చిన్న అక్షరాల్లో క్యాన్సిలేషన్ లేదని ఉందట. "చదువుకున్నవాళ్లే కదా, చూసుకోవాలి" అని నాకే క్లాసు పీకాడు.

ఆర్వో చెడ్డదని అనడం లేదు. ఫ్లోరైడో, ఆర్సెనికో, మరీ ఉప్పదనమో ఉన్న బోరు నీళ్లకి అది కావాల్సిందే. మా 240కి ఎందుకు? తాగే ఒక్క లీటరు కోసం అంతకు రెండు మూడు రెట్లు వేస్టు పైపులోంచి సింకులోకి పోతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే ఒళ్లు మండుతోంది.

ఎవరైనా అలా వస్తే ముందు వాటర్ ఆఫీసుకి మీరే ఫోన్ చేసి నిజంగా పంపారా అని కనుక్కోండి. అనుమానం ఉంటే నీళ్లు ల్యాబ్‌కి ఇచ్చి బాక్టీరియా పరీక్ష చేయించండి, రంగులు చూసి భయపడకండి. పాత మిషన్ గడప దాటనివ్వద్దు. కాగితం రెండో వైపు కూడా తిప్పి చూడండి. ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు ఫోన్లతో కాలం గడపకుండా రాతపూర్వకంగా క్యాన్సిల్ అడగండి, నేను ఇవాళే పంపా. జవాబు వస్తే ఇక్కడే రాస్తా.