శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో ఎస్24 అల్ట్రానా, మామూలు ఎస్24నా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు రోజూ తిరిగేవాళ్లకు అసలు తేడా బ్యాటరీలోనే తెలుస్తుంది. ఘాట్ రోడ్డులో సిగ్నల్ పలచబడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి లాగుతుంది. అల్ట్రాకు 5000 ఎంఏహెచ్, చిన్నదానికి 4000.

చార్జింగ్: అల్ట్రా 45 వాట్లు, చిన్నది 25. చార్జర్ మాత్రం రెండింటికీ విడిగా కొనాల్సిందే (ఇంత ధర పెట్టాక కూడా!).

బరువు: 232 గ్రాములు, 167 గ్రాములు. చొక్కా జేబులో అల్ట్రా పెట్టుకుని వంగితే జారిపడటం ఖాయం.

తెర: 6.8 అంగుళాలు, 6.2. తెలుగు, ఒడియా పీడీఎఫ్‌లు చదవడానికి పెద్దదే హాయి. పగిలితే మార్పించే ఖర్చూ పెద్దదే.

అప్‌డేట్లు: రెండింటికీ 2024లో విడుదలైనప్పటి నుంచి ఏడేళ్లు.

దుకాణం లెక్కలు, ఫోన్‌తో వచ్చే పెన్నుతో సంతకాలు ఉంటే అల్ట్రా. బస్సులో నిలబడి ఒంటిచేత్తో వాడేవాళ్లకు చిన్నది, సంచిలో పవర్ బ్యాంకుతో.