చాసిస్ మార్చిన మా 1210 లారీ: మూడున్నరేళ్లు నడిపాక

మా బాపు కొన్న టాటా 1210 ఎస్‌ఈ, 1984 మోడల్. పరకాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్తి, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు మోసీ మోసీ వెనక కమాన్ (బరువు మోసే పట్టీల స్ప్రింగు) బ్రాకెట్ల దగ్గర దాని చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప ఫ్రేమ్, పగిలింది. రెండుసార్లు వెల్డింగ్ పెట్టించినా పక్కనే మళ్లీ చీలింది. ఇంజన్, గేర్ బాక్స్ గట్టిగా ఉండటంతో తుక్కుకు ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆర్టీఓ ఆఫీసులో ముందే అనుమతి తీసుకుని, 2021 చివర్లో అదే మోడల్ చాసిస్ వేయించాం, ఆర్‌సీలో నంబరు మార్పించుకున్నాం.

మార్చడానికి 20 రోజులే పట్టింది. మిగిలిపోయిన లోపాలు పోవడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది.

అన్నిటికంటే సతాయించింది ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే పొడవాటి రాడ్డు. వేగం 40 కి.మీ. దాటగానే క్యాబిన్ మొత్తం వణికేది. చాసిస్ మార్చిన గ్యారేజీలో క్రాస్‌లు (షాఫ్ట్ కోణంలో తిరగడానికి వీలిచ్చే కీళ్లు) మార్చారు, షాఫ్ట్‌ను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ మార్చారు, షాఫ్ట్‌కు బ్యాలెన్సింగ్ కూడా చేయించారు. డబ్బులు పోయాయి, వణుకు పోలేదు. బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉండేది. చివరికి హన్మకొండలో ఒక పాత లారీ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పానా ముట్టలేదు. "తమ్మీ, ముందుగాల కొలతలు పడదాం" అని దారం, తూకం గుండు తీశాడు.

రెండు తప్పులు బయటపడ్డాయి. షాఫ్ట్ ముక్కలు కలిసే స్లిప్ జాయింట్ ఒక పన్ను తప్పి ఎక్కింది, అందుకే యోక్‌లు (క్రాస్‌ను పట్టుకునే చీలిన కొసలు) ఒకే వరసలో లేవు. క్రాస్ కోణంలో తిరిగేటప్పుడు షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. అవతలి క్రాస్ ఆ తేడాను కొట్టేయాలంటే యోక్‌లు వరసలో ఉండాలి, రెండువైపులా కోణాలు సమానంగా ఉండాలి. రెండో తప్పు మేం వేయించిన చాసిస్‌లోనే ఉంది. అంతకుముందు ఎవరో మార్చిన క్రాస్ మెంబర్ (చాసిస్ రెండు పక్కలను అడ్డంగా కలిపే ముక్క) 16 మి.మీ. పైకి ఉంది, దానికి వేలాడే సెంటర్ బేరింగ్ కూడా అంతే పైకి పోయింది. మధ్యలో అంత మందం ఇనుప ప్లేటు పెట్టి, పొడవు బోల్టులు బిగించాం. కోణాలు ఫోన్‌లోని యాప్‌తోనే చూశాం, అదీ సగం లోడు వేసి. బరువు పడితే కమాన్లు దిగి కోణం మారుతుంది కాబట్టి ఖాళీ బండి కొలత పనికిరాదన్నాడు. ఆ సాయంత్రమే వణుకు ఆగింది. బాపు కళ్లు తుడుచుకోవడం చూశాను.

వెనక టైర్లు ఒక అంచున అరగడానికి కారణం కూడా దారమే చెప్పింది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం కుడివైపు కంటే ఎడమవైపు 11 మి.మీ. తక్కువ. ఎడమ కమాన్ కట్ట సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చోలేదు. విప్పి కూర్చోబెట్టి, కమాన్‌ను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించాం, మొదటి లోడు దిగాక మళ్లీ బిగించాం. ఆ రెండో బిగింపు మాత్రం ఎవరూ మర్చిపోవద్దు.

ఇంకోటి సెల్ఫ్, అంటే ఇంజన్‌ను స్టార్ట్ చేసే మోటారు. పొద్దున్నే నీరసంగా తిరిగేది, బ్యాటరీ మార్చినా అంతే. ఒకరోజు స్పీడోమీటర్ కేబుల్ మీద చెయ్యి పెడితే కాలింది. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. ఇంజన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండాల్సిన ఎర్త్ పట్టీని (కరెంటు తిరిగి వెళ్లే దారి) కొత్త పెయింట్ మీదే బిగించారు. దారి దొరకని కరెంటు కేబుల్ గుండా పోయేది. మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్‌కు పెట్టి సెల్ఫ్ కొడితే రెండు వోల్టులకు పైగా చూపించింది. అక్కడ అర వోల్టు కూడా దాటకూడదు. పెయింట్ గీకి, పట్టీ బిగించి, పైన గ్రీజు పూశాం. ఖర్చు దాదాపు సున్నా. బ్యాటరీ డబ్బులు మాత్రం దండగయ్యాయి.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు ములుగు, తాడ్వాయి మీదుగా బెల్లం లోడ్లు వేశాం, ఎక్కడా ఆగలేదు. ఇంజన్ బాగుండి, అదే మోడల్ చాసిస్ దొరికితే ఈ పని చేయించుకోమనే చెబుతాను. కాకపోతే చాసిస్‌కు పెట్టినంత డబ్బు తర్వాతి రిపేర్లకూ పక్కన పెట్టుకోవాలి. మాకు దాదాపు అంతే అయింది.

ఒక్క లోపం మిగిలింది. కుడి డోరు ఎత్తి పట్టుకుంటే గానీ పడదు. క్యాబిన్ ఒక పక్కకు ఒరిగిందని అనుమానం. వచ్చే ఆదివారం క్యాబిన్ మౌంటింగులు కొలుస్తాం. దారం, గుండు బాపు ఇప్పటికే సీటు కింద పెట్టేశాడు.