అరనిమిషం ముందే చెప్పే రేడియో: ఇరవై నాలుగేళ్ల వాడకం తర్వాత

మా వంటింటి కిటికీలో ఉన్న చేతి రేడియోను నాన్న 2001 వేసవిలో కొన్నారు. ధర, బ్యాండ్లు, సెల్లుల సంఖ్య లాంటివి రాయను. ఏ చిన్న రేడియోకైనా అవి ఇంచుమించు ఒకటే. పైగా దీన్ని మీడియం వేవ్ 710 దగ్గర పెట్టాక ముల్లు కదిపిన సందర్భాలు మాకు చాలా తక్కువ. సియాటెల్ మారినర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లు వచ్చేది అక్కడే. నేను చెప్పదలచుకున్నది దీనిలోని ఒక్క గుణం గురించి. మా టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తుంది. మైదానంలో ఏది జరిగినా రేడియో దానికంటే దాదాపు అరనిమిషం ముందు చెబుతుంది. 2025 అక్టోబరు 20 వరకు, ఎవరు అడిగినా అదే దీని గొప్పతనమని చెప్పాను. నా మాట విని ఇలాంటిదే కొన్నవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్లకు మిగతా సగం కూడా చెప్పాలి.

మేము 1995 ఆగస్టులో కాకినాడ నుంచి ఇక్కడికి, అమెరికాలో సియాటెల్ పక్కకు, వచ్చాం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ జట్టు మీద ప్లేఆఫ్స్ ఐదో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్‌లో మా ఎడ్గర్ మార్టినెజ్ రెండో బేస్ దాకా చేరేలా కొట్టిన డబుల్‌కు కెన్ గ్రిఫీ మొదటి బేస్ నుంచి ఏకబిగిన పరుగెత్తి గెలుపు పరుగు తెచ్చాడు. అపార్ట్‌మెంట్ గోడలకు అవతల నుంచి ఒక్కసారిగా కేకలు వినబడితే అమ్మ భయపడి తలుపు గడియ వేసింది. మర్నాడు నాన్న ఆఫీసులో విషయం తెలుసుకుని వచ్చారు. ఆ తర్వాతి వేసవి నుంచి కారులో వ్యాఖ్యాత డేవ్ నీహాస్ గొంతు వినడం మొదలుపెట్టారు. ఇక్కడివాళ్ల ఉచ్చారణ తన చెవికి పట్టింది ఆయన వల్లనే అని నాన్న ఇప్పటికీ అంటారు. 2010 నవంబరులో నీహాస్ పోయారని తెలిసిన రోజు రాత్రి నాన్న భోజనం చేయలేదు.

రేడియో ఇంటికి వచ్చిన 2001లో జట్టు 116 మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడాది కూడా వరల్డ్ సిరీస్‌కు, అంటే ఫైనల్‌కు, చేరలేదు. యాంకీస్ నాలుగు మ్యాచ్‌లకు ఒకటితో ఇంటికి పంపారు. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. ఇన్నేళ్లలో రేడియో మాత్రం రెండుసార్లు కింద పడినా మాట పడిపోలేదు. సీజన్ ముగిసిన వారంలోనే నాన్న సెల్లులు తీసి విడిగా పెట్టేవారు, చలికాలంలో అవి కారి లోపలి రేకులు తినేయకుండా. 2016లో ఆయన, అమ్మ కాకినాడకు తిరిగి వెళ్లిపోతూ రేడియో నాకిచ్చినప్పుడు చెప్పిన జాగ్రత్త అదొక్కటే.

ఇక ఆ అరనిమిషం. నేను వంటింట్లో వింటాను, పిల్లలిద్దరూ హాల్లో చూస్తారు. వాళ్లకు అదొక ఆటగా మారింది. ఆట కీలకంగా ఉన్నప్పుడు టీవీ వదిలి గుమ్మం వైపు తిరిగి నా ముఖం చూస్తారు. 2025 అక్టోబరు 10న డెట్రాయిట్ మీద ఐదో మ్యాచ్ పదిహేను ఇన్నింగ్స్‌లు సాగి, హోర్హే పొలాంకో దెబ్బతో ముగిసింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికే మా అమ్మాయి గెంతడం మొదలుపెట్టింది. తెరమీద పిచ్చర్ ఇంకా బంతి కూడా వేయలేదు. వారం తర్వాత శుక్రవారం, టొరంటోతో ఐదో మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా కాల్ రాలీ బంతిని మైదానం దాటించి కొట్టిన హోమ్‌రన్‌తో స్కోరు సమమైంది. అదే ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా యుహెనియో సువారెజ్ మరో హోమ్‌రన్ కొట్టాడు. అప్పుడైతే నా ముఖం కూడా చూడనక్కరలేకపోయింది, అడుగుల చప్పుడుకే వాళ్లకు తెలిసిపోయింది. ఒకే ఆనందాన్ని మా ఇంట్లో రెండుసార్లు అనుభవించాం. ఈ రేడియోను నేను అంతగా మెచ్చుకున్నది అందుకే.

అక్టోబరు 20 సోమవారం, దీపావళి. టొరంటోలో ఏడో మ్యాచ్. మేజర్ లీగ్‌లోని 30 జట్లలో వరల్డ్ సిరీస్ అప్పటికి ఒక్కసారి కూడా ఆడనిది మాదొక్కటే, జట్టు పుట్టిన 1977 నుంచీ. ఆ సాయంత్రం గెలిస్తే ఆ మాట చెరిగిపోతుంది. మాకు సాయంత్రం ఐదు దాటాక మొదలైంది; కాకినాడలో అప్పటికి మంగళవారం తెల్లవారుజాము. నాన్న లేచి కూర్చున్నారు. ఫోన్ కలిపి రేడియో పక్కన నిలబెట్టాను. మూడో ఇన్నింగ్స్‌లో హూలియో రోడ్రిగెజ్ హోమ్‌రన్ మేమిద్దరం కలిసి విన్నాం.

రెడ్మండ్‌లో బాణసంచా కాల్చనివ్వరు కాబట్టి మా పండుగంతా దీపాలదే. పొద్దు గుంకగానే మావారు వరండా చుట్టూ కట్టిన రంగుదీపాల తీగలు వెలిగించారు. ఆ క్షణం నుంచి రేడియోలో జుయ్‌మని ఒకటే మోత, వ్యాఖ్యానం అందులో మునిగిపోయింది. రేడియో ఎప్పుడూ కిటికీలో నైరుతి వైపు తిరిగి ఉంటుంది, 710 ప్రసార స్తంభాలున్న వాషన్ ద్వీపం మాకు అటే కాబట్టి. లోపలి యాంటెన్నా కడ్డీ అడ్డంగా ఉంటుంది. రేడియోను కొంచెం అటూ ఇటూ తిప్పితే మోత తగ్గి మాట తేలుతుంది. ఈసారి ఎటు తిప్పినా తేలలేదు. సెల్లులు మార్చాను. మైక్రోవేవ్ తీగ పీకాను. అంతలో హాల్లోంచి పిల్లల కేకలు: కాల్ రాలీ హోమ్‌రన్, మాకు మూడు, వాళ్లకు ఒకటి. సీజన్‌లో 60 హోమ్‌రన్‌లు కొట్టిన క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) అతను. చరిత్రలో అంతకుముందు ఏ క్యాచరూ 50 కూడా కొట్టలేదు. ఆ ఏడాదంతా అతని కోసమే చెవి రేడియోకు అప్పగించి, ఆ ఒక్కటీ టీవీ చెబితే తెలుసుకున్నాను.

కారణం రంగుదీపాల ఎడాప్టర్‌దని నాన్న ఫోన్లోంచి చెప్పారు. “మీడియం వేవ్‌కు అవి పడవమ్మా, ఆపి చూడు.” ఆపించాను. మోత పోయింది. వరండాలో నూనె దీపాలే మిగిలాయి. నిజానికి ఇల్లు అలాగే బాగుంది.

అలా నేనే బాగుచేసుకున్న రేడియోలో ఏడో ఇన్నింగ్స్ విన్నాను. మా పిచ్చర్ బ్రయాన్ వూ గురి తప్పిన బంతులతో మొదటి బ్యాటర్‌కు నడక, అంటే ఊరికే మొదటి బేస్, ఇచ్చాడు, రెండోవాడు సింగిల్ కొట్టాడు. ఆపై ఒకడు అవుటవుతూనే బంతిని మెల్లగా తట్టిన బంట్‌తో ఇద్దరూ చెరో బేస్ ముందుకు జరిగారు. ఇంకా ఎనిమిది మందిని అవుట్ చేస్తే చాలు. వూ స్థానంలో ఎడ్వర్డ్ బజార్డో బంతి తీసుకున్నాడు. టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ ఎడమవైపు స్టాండ్స్‌లోకి కొట్టాడు. వాళ్లకు నాలుగు, మాకు మూడు. జనం హోరు ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ఇన్నేళ్లలో ఈ రేడియో అంత శుభ్రంగా పలకడం నేను వినలేదు.

ఫోన్లో నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “పిల్లలకు తెలిసిందా?” అని అడిగారు.

“ఇంకా లేదు నాన్నా.”

హాల్లో బజార్డో ఇంకా బంతి వేయడానికి సిద్ధపడుతున్నాడు. మా అబ్బాయి సోఫా అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకున్నాడు. అమ్మాయి అలవాటుగా గుమ్మం వైపు తిరిగింది. నేను సింకు వైపు తిరిగి కొళాయి విప్పాను. ఆ అరనిమిషంలో వాళ్ల జట్టు ఇంకా గెలుస్తూనే ఉంది, నాకూ నాన్నకూ తప్ప. టీవీలో హోరు మొదలయ్యేదాకా గిన్నెలు కడిగాను.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మావాళ్లు ముగ్గురూ స్ట్రైకవుట్, బంతి కొట్టలేకే అవుటయ్యారు. చివరివాడు హూలియో, తర్వాతి వంతు రాలీది, బ్యాటు పట్టుకుని నిలబడే ఉండిపోయాడు. ఆఖరి ఇన్నింగ్స్‌ల పిచ్చర్ ఆండ్రెస్ మునోజ్‌ను ఏడులోనే ఎందుకు దింపలేదని నాన్న ఈ రోజుకీ అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా అమ్మాయి పక్కమీద అడిగింది వేరు: “అమ్మా, నీకు ముందే తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?” వచ్చే పిచ్ దాకా నువ్వు సంతోషంగా ఉండాలని, అన్నాను. తనకు నచ్చలేదు. “మంచివి చెప్పి ఇది దాచావు” అంది. అది నిజమే. ఇరవై రోజులుగా ఆ మాటే తిరుగుతోంది.

కాబట్టి ముందు చెప్పినదాన్ని కొంచెం సరిచేస్తున్నాను. ఒంటరిగా వినేవాళ్లకు, కారులో తిరిగేవాళ్లకు, దూరాన ఉన్న తండ్రికి ఫోన్లో వినిపించాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు. ఇంట్లో ఎల్ఈడీ తీగలు, ఎడాప్టర్లు ఎక్కువగా ఉంటే మీడియం వేవ్ మీద ఆశలు తగ్గించుకోండి. పక్కగదిలో పిల్లలు టీవీ చూస్తుంటే మాత్రం ఆ అరనిమిషాన్ని ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. జట్టు గెలిచిన ఏళ్లలో నాకు అది వరంగానే అనిపించింది. ఏడో మ్యాచ్ గెలిచి ఉంటే ఇప్పుడు కూడా ఇంకోలా రాసేదాన్నేమో. మా ఇంటి సంగతి మాది. పిల్లలతో మాట్లాడుకుని ఒకటి అనుకున్నాం: వచ్చే వసంతంలో రేడియో హాల్లోకి వస్తుంది, టీవీ గొంతు నొక్కేస్తాం. బొమ్మ వెనకబడినా సరే, మంచీ చెడూ నలుగురికీ ఒకేసారి చేరాలి. అది కుదురుతుందో లేదో ఏప్రిల్‌లో గాని తెలియదు.

నిన్న నాన్న ఫోన్ చేసి సెల్లులు తీశావా అని అడిగారు. తీయలేదు. మావారు రోజూ చెబుతున్నారు, నేనూ రేపు రేపంటున్నాను. ముల్లు ఇంకా 710 మీదే ఉంది.