రాత్రికే తేల్చుకోవాలా, తెల్లవారనివ్వాలా?

మా ఇంట్లో గొడవలన్నీ రాత్రి పది దాటాకే మొదలవుతాయి. పగలు ఆయన అంగట్లో, నేను బడిలో ఉంటాం. వంటిల్లు సర్ది, అత్తమ్మకు బీపీ మాత్ర ఇచ్చి, మిద్దె మీద పరుపులు పరిచాక గానీ ఒకరి మొహం ఒకరం చూసుకోం. కడప ఎండాకాలంలో ఆ వేళకు కూడా మిద్దె సెగ కక్కుతూనే ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక రాత్రి మా తోడికోడలు ఫోను చేసి, "అక్కా, బావగారు సమయానికి ఆదుకున్నారు" అంది. అప్పటిదాకా నాకు సంగతే తెలియదు. పాప హాస్టల్ ఫీజు కోసం నేను చీటీ పాడి తెచ్చిన డబ్బులో ఎనభై వేలు మా మరిది బోరుకు వెళ్లిపోయాయి. "ఇది ఇప్పుడే తేలాలి" అన్నాను. "పొద్దున మాట్లాడదాం" అని ఆయన పాలకొండల వైపు తిరిగి పడుకున్నారు. పది నిమిషాల్లో గురక. ఇరవై రెండేళ్లుగా ఇదే వరుస: నేను ఆ పూటకు ఆ పూటే తేల్చేయాలనే మనిషిని, ఆయన వాయిదా మనిషి. నాదే సరైన పద్ధతని రుజువు చేద్దామని ఈసారి పట్టుబట్టి చదివాను. చదివినదంతా నా వైపు రాలేదు.

ముందు నా వైపు వాదన. కోపంతో పడుకోవద్దన్న సలహా పాతదే. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమని బైబిలులో పౌలు చెప్పాడు. మా బడిలోని ఒక టీచరమ్మ, పెళ్లినాడు పాస్టరు గారు చెప్పిన ఆ మాటను ఇప్పటికీ తప్పనంటుంది. దీనికి ఊతమిచ్చే పరిశోధన కూడా ఒకటుంది. చైనాలో 73 మంది యువకులకు కొన్ని ముఖాలను, వాటితో జతగా కలవరపెట్టే బొమ్మలను గుర్తుపెట్టుకోమన్నారు. తరువాత ముఖం చూపించి, బొమ్మను మనసులోకి రానీయవద్దన్నారు. నేర్చుకున్న అరగంటకు అడిగితే కొంతవరకు అణచగలిగారు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక అడిగితే అదే పని కష్టమైంది. నిద్రలో జ్ఞాపకం గట్టిపడుతుందన్నమాట. 2016లో అచ్చయిన ఈ ఫలితం చూసి ఆయన ముందు పెట్టాను. "ఇందులో ఆడవాళ్లూ లేరు, మొగుడూ పెళ్లాల గొడవా లేదు" అన్నారు. నిజమే, ఒప్పుకోక తప్పలేదు.

నా అసలు వాదన వేరు. "పొద్దున" అనేది మా ఇంట్లో రాదు. పాలు, నీళ్లు, టిఫిను, ఎనిమిదింటి బస్సు. సాయంత్రానికి ఆయన మొహంలో గొడవ ఆనవాలు కూడా ఉండదు, నేను ఎత్తితే "ఇంకా దాన్ని పట్టుకుని ఉన్నావా?" అంటారు. వాయిదా వేసేవాళ్లలో నూటికి తొంభై మంది (ఇది లెక్క కాదు, నా కడుపుమంట) నిజానికి వాయిదా వేయరు, కొట్టివేస్తారు.

ఇక ఆయన వైపు. ఇక్కడ సరుకు ఎక్కువ ఉందని చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దంపతులను కూర్చోబెట్టి, గుండె వేగం కొలుస్తూ వాదించుకోమనేవాడు. కాసేపటికి "యంత్రం సరిచేయాలి" అని అబద్ధం చెప్పి, గొడవ ఊసెత్తకుండా అరగంట పత్రికలు తిరగేయమన్నాడు. మళ్లీ మాట్లాడుకునేటప్పటికి గుండె నెమ్మదించింది, మాట తీరు మారింది. గుండె నిమిషానికి వంద సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివారు చెప్పేది చెవికెక్కదని గాట్‌మన్ అంటాడు. తోడికోడలి ఫోను పెట్టేశాక నాకు ఎంత ఉండి ఉంటుందో!

పైగా నిద్ర. 2007లో ఒక ప్రయోగంలో దాదాపు 35 గంటలు మేలుకున్నవారికి బాధ కలిగించే బొమ్మలు చూపిస్తే, మెదడులో భయానికీ కోపానికీ ముందుగా స్పందించే అమిగ్డలా అనే భాగం మామూలుగా నిద్రపోయినవారి కన్నా అరవై శాతం ఎక్కువ రగిలింది. దానికి పగ్గం వేసే మెదడు ముందరి భాగంతో సంబంధం సడలింది. బర్కిలీలో జంటల మీద చేసిన మరో పరిశీలన 2014లో వచ్చింది. ఇద్దరూ కంటినిండా పడుకున్నప్పుడే గొడవ తెగే అవకాశం ఎక్కువట. ఒక్కరు పడుకుంటే చాలదు. ఆయన గురక పెడుతూ నేను చుక్కలు లెక్కపెట్టిన రాత్రుల తరువాత పొద్దున ఎందుకు తేలలేదో దీనితో అర్థమైంది. ఆయన పద్ధతి ఆయనకు మాత్రమే విశ్రాంతినిచ్చింది.

నన్ను నిజంగా ఆపిన పరిశోధన ఈ రెండు పక్షాలకూ చెందదు. అమెరికాలోని ఒహాయోలో 42 జంటల చేతుల మీద రెండు విడతలుగా చిన్న పొక్కులు చేసి, అవి ఎన్నాళ్లకు మానతాయో చూశారు. ఆదరంగా మాట్లాడుకున్న విడతతో పోలిస్తే, వాదించుకున్న విడతలో మానడానికి ఒక రోజు ఎక్కువ పట్టింది. రెండు విడతల్లోనూ కటువుగా మాట్లాడుకున్న జంటల్లో మానే వేగం మిగతావారిలో అరవై శాతమే. గొడవ ఎన్ని గంటలకు జరిగిందన్నది అక్కడ లెక్కలోకే రాలేదు; మాటలో ఎంత విషముందన్నదే లెక్క. నేను రాత్రి తేల్చుకునేటప్పుడు బోరు గురించి మొదలుపెట్టి మా పెళ్లినాటి లాంఛనాల దాకా తవ్వుతాను. అదీ గొంతు తగ్గించి, కింద అత్తమ్మకు వినపడకుండా, పళ్ల బిగువున. ఆయన మౌనం కూడా తక్కువదేమీ కాదు. తలుపు మొహాన వేసినట్టే ఉంటుంది.

అందుకని నా తీర్పు: రాత్రి పది దాటాక వాయిదాయే మేలు, కానీ ఆయన వేసే రకం వాయిదా కాదు. వాయిదా అడిగినవారే ఎప్పుడు, ఎక్కడ అని చెప్పాలి. ఆ వేళకు వారే మాట ఎత్తాలి. పడుకునే ముందు "కోపంగానే ఉన్నాను, కానీ రేపు విందాం" అనే ఒక ముక్క ఇద్దరూ అనుకోవాలి. తెల్లవారగానే డబ్బు కట్టాల్సి ఉంటేనో, సంతకం పెట్టాల్సి ఉంటేనో మాత్రం అరగంట విడిగా ఉండి, నీళ్లు తాగి, ఆ రాత్రికే తేల్చుకోవాలి. చెయ్యి చేసుకునే ఇంటికి ఈ పోలికలేవీ వర్తించవు. అక్కడ చేయాల్సింది 181కి ఫోను.

బోరు సంగతి ఆ ఆదివారం పొద్దున దేవుని కడప చెరువు కట్ట మీద నడుస్తూ తెగింది, సగం. పక్కపక్కన నడిచేటప్పుడు మొహం చూడక్కరలేదు కాబట్టి ఆయనకు నోరు వస్తుంది. మరిది అంతకుముందు వేసిన బోరు ఆరు వందల అడుగులు దిగినా దుమ్మే లేచిందట. ఆ మాట నాతో చెబితే తమ్ముణ్ణి చులకన చేస్తానని దాచారట. రాత్రి పదిన్నరకు నేను అడిగిన తీరులో ఈ జవాబు వచ్చేది కాదు. నాతో చెప్పకుండా ఇవ్వడం తప్పేనని మాత్రం ఆయన ఇంకా అనలేదు.

ముప్పై వేలు తిరిగి వచ్చాయి. మిగిలిన యాభై వేల మాట ఎత్తాల్సిన వంతు ఆయనదే. ఆదివారం ఆరింటికని చెప్పారు.